తూము రాయి చెప్పే వలస లెక్క: తిరుపతి చెరువుల్లో మఖ నుంచి అనూరాధ దాకా

"ఉత్తర చూసి ఎత్తర గంప" అని రైతుల సామెత. ఉత్తర కార్తె గడిచినా వాన పడకపోతే ఆ ఊళ్లో ఇక లాభం లేదు, గంప నెత్తిన పెట్టుకుని బతుకుదెరువు వెతుక్కోవాల్సిందే అని దాని అర్థం. సరిగ్గా ఆ కార్తెలోనే, అంటే సెప్టెంబరు రెండో వారం తర్వాత, ఎక్కడో వేల కిలోమీటర్ల అవతల గంప ఎత్తిన పిట్టలు తిరుపతి చుట్టుపక్కల చెరువుల్లో గుంపులుగా దిగుతుంటాయి. వాటిని చూసేవాళ్లు మాత్రం అప్పుడు ఉండరు. వలస పక్షులంటే సంక్రాంతి సెలవుల్లో చూసేవి అనే అలవాటు బలంగా పాతుకుపోయింది. జనవరిలో పులికాట్‌లో ఫ్లెమింగోలు, నేలపట్టులో గూడబాతులు (పెలికాన్లు) కనువిందు చేసే మాట నిజమే. కానీ అప్పుడు కనిపించేవి వచ్చి స్థిరపడిపోయిన పక్షులు. దారిలో ఒక్క పూట ఆగి, కడుపు నింపుకుని, మర్నాటికి తమిళనాడు వైపో శ్రీలంక వైపో వెళ్లిపోయే పిట్ట కావాలంటే మఖ, పుబ్బ కార్తెల నుంచే, అంటే ఆగస్టు రెండో సగం నుంచే, చెరువు వెనక బురద అంచున నిలబడాలి.

ఈ ప్రాంతంలో ఒక విశేషం ఉంది. అది అర్థమైతే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది. ఉత్తరాదిలోనూ తెలంగాణలోనూ నైరుతి వానలకు చెరువులు సెప్టెంబరుకల్లా నిండి, ఆపైన మెల్లగా తగ్గుతాయి. తగ్గేకొద్దీ అంచున కొత్త బురద తేలుతుంది, వచ్చిన పక్షికి ఏ రోజు మేత ఆ రోజు దొరుకుతుంది. తిరుపతి, చిత్తూరు వైపు వరస తిరగబడుతుంది. నైరుతిలో ఉరుముల వానలు పడతాయి గానీ చాలామటుకు నేల తాగేస్తుంది. చెరువులను నింపేవి ఈశాన్య రుతుపవనాలు. అవి మామూలుగా అక్టోబరు 20 ప్రాంతంలో మొదలవుతాయి. అంటే ఇక్కడ పిట్టలు ముందు వస్తాయి, నీళ్లు తర్వాత వస్తాయి. బురద కోసం వచ్చే పిట్టలకు రెండు నెలల గడువు దొరుకుతుంది. అక్టోబరు మధ్య నుంచి వచ్చే చిత్త, స్వాతి కార్తెల వానలకు ఆ బురద మునిగిపోతుంది. ఆ తర్వాత వెళ్లినవాళ్లకు నిండు చెరువు, నాలుగు నీటికాకులు కనిపిస్తాయి. ఈసారి పక్షులు రాలేదని వాళ్లు తిరిగొస్తారు. పక్షులు వచ్చి వెళ్లాయి, వీళ్లే ఆలస్యంగా వెళ్లారు.

చెరువు చేటలా ఉంటుంది

మన చెరువు గిన్నె ఆకారంలో ఉండదు, చేటలా ఉంటుంది. లోతంతా కట్ట దగ్గర, తూము చుట్టూ. ఎదురుగా, వంక వచ్చి కలిసే వైపు నేల కనీకనిపించకుండా పైకి లేస్తుంది. కట్ట మీద రోడ్డు ఉంటుంది కాబట్టి అందరూ బండి ఆపి అక్కడి నుంచే చూస్తారు. అక్కడ కనిపించేవి లోతు నీటి పక్షులు: నీటికాకులు, బొల్లికోళ్లు, మునుగుతూ తేలే చిన్న గ్రీబ్‌లు. ఇవన్నీ ఏడాది పొడవునా ఇక్కడ కనిపించేవే. వలస వచ్చేవాటిలో ఎక్కువ భాగం చేట మూతి వైపు, అంటే నీళ్లు పలచబడి బురదై, బురద గట్టిపడి గడ్డిగా మారే ఆ సన్నని పట్టీలో ఉంటాయి.

ఆ పట్టీ ఎంత సున్నితమో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. చెరువు గర్భం 100 మీటర్లకు అర మీటరు చొప్పున వాలి ఉందనుకుందాం. నీరు 10 సెంటీమీటర్లు పెరిగితే 20 మీటర్ల వెడల్పున బురద మునిగిపోతుంది. ఇక పిట్టల కాళ్లు చూడండి. లిటిల్ స్టింట్ మన ఊరపిచ్చుకంత ఉంటుంది, దాని కాలు మోకాటి కింద రెండు సెంటీమీటర్లు మాత్రమే. అది తడి బురద మీద, నీరు ఒక పొరలా ఉన్నచోట మాత్రమే మేయగలదు. వుడ్ శాండ్‌పైపర్ నాలుగైదు సెంటీమీటర్ల నీళ్లలో దిగుతుంది. గ్రీన్‌షాంక్ ఇంకాస్త లోపలికి వెళుతుంది. గులాబీ రంగు పొడుగు కాళ్ల స్టిల్ట్ జానెడు నీళ్లలోనూ నిలబడుతుంది. తల ముంచి తోక పైకెత్తి మేసే సూదితోక బాతుకు అంతకంటే లోతు కావాలి. ఒక రాత్రి గట్టి వాన పడి 10 సెంటీమీటర్లు పెరిగితే స్టింట్‌లు ఆ చెరువు వదిలేస్తాయి, స్టిల్ట్‌లు నాలుగడుగులు వెనక్కి జరుగుతాయి, బాతులకు అప్పుడప్పుడే దారి తెరుచుకుంటుంది.

కాబట్టి ఏ చెరువుకు వెళ్లాలో తేల్చేది దూరం కాదు, మట్టం. పాత చెరువుల్లో తూము దగ్గర రెండు రాతి స్తంభాలు నిలబెట్టి ఉంటాయి, వాటి మధ్య అడ్డరాళ్లు. అదే సిసలైన కొలబద్ద. ఎన్నో అడ్డరాయి దాకా నీళ్లున్నాయో వెళ్లిన ప్రతిసారీ రాసుకుంటే, ఒక్క సీజనులోనే ఆ చెరువుకు ఏ రాయి దగ్గర బురద బాగా తేలుతుందో తెలిసిపోతుంది. దూరంగా ఉన్న చెరువైతే ఆ ఊరి రైతుకో గొర్రెలు మేపే మనిషికో ముందురోజు ఫోన్ చేసి, "అన్నా, చెరువులో నీళ్లు యాడికొచ్చినాయి? తూము రాయి కనపడతా ఉందా? మొరవ పోతా ఉందా?" అని అడిగితే చాలు. మొరవ పోతోందంటే, అంటే చెరువు నిండి అలుగు పొర్లుతోందంటే, ఆ వారం ఆ చెరువులో బురద పిట్టలు ఉండవు, పెట్రోలు దండగ.

రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు దీనికి మంచి ఉదాహరణ. సెప్టెంబరులో నీరు తక్కువగా ఉంటే దాని వెనక భాగమంతా మేత మైదానం. 2021 నవంబరు వానలకు అదే చెరువు పొంగి, కట్ట తెగుతుందన్న భయంతో దిగువ ఊళ్లను ఖాళీ చేయించాల్సి వచ్చింది. ఆ స్థాయిలో నిండిన చెరువులో స్టింట్‌కు కాలు మోపే చోటు ఉండదు. ఇలాంటప్పుడు స్వర్ణముఖి ఆదుకుంటుంది. చంద్రగిరి నుంచి తిరుచానూరు మీదుగా శ్రీకాళహస్తి దాకా ఏటి గర్భంలో ఇసుక తిన్నెలు, సన్నని పాయలు, పట్నం మురుగు కలిసే మడుగులు ఉంటాయి. మురుగు అనేసరికి ముఖం తిప్పుకుంటాం గానీ, పురుగులు దండిగా ఉండేది అక్కడే. వుడ్ శాండ్‌పైపర్లు, వాగ్‌టెయిల్‌లు అక్కడ కచ్చితంగా దొరుకుతాయి.

మూడు ఉల్లంకులు

తెలుగులో ఉల్లంకి అన్న ఒక్క పేరుతో ఈ గోధుమ రంగు బురద పిట్టలన్నిటికీ సరిపెట్టేస్తుంటాం. కొత్తవాళ్లు ఇక్కడే నీరుగారిపోతారు, అన్నీ ఒకేలా ఉన్నాయని పుస్తకం మూసేస్తారు. ముందు మూడింటిని గట్టిగా నేర్చుకుంటే మిగతావి వాటితో పోల్చి పట్టుకోవచ్చు.

కామన్ శాండ్‌పైపర్ ముందుగా వస్తుంది, ఆగస్టు మొదట్లోనే. ఒంటరిగా, రాళ్ల మీద, తూము దగ్గర, చివరికి సిమెంటు కాలువ గట్టున కూడా ఉంటుంది. నిలబడినంతసేపూ వెనకభాగాన్ని పైకీ కిందికీ ఆడిస్తూనే ఉంటుంది. రొమ్ము పక్కన, రెక్కకు ముందు, తెల్లటి చీలిక ఒకటి భుజం మీదికి పాకుతుంది. ఎగిరితే నీటికి ఆనుకుని, రెక్కలు బిగపట్టి వణికిస్తున్నట్టు పోతుంది.

వుడ్ శాండ్‌పైపర్ గుంపు కడుతుంది. వీపు మీద నువ్వులు చల్లినట్టు తెల్లటి చుక్కలు, కాళ్లు పసుపుపచ్చ, కంటి మీది తెల్లగీత కన్ను దాటి వెనక్కి పోతుంది. గ్రీన్ శాండ్‌పైపర్ దీనికి అన్న లాంటిది గానీ ఒంటరి. వీపు నల్లగా కనిపిస్తుంది, కంటి గీత కన్ను ముందే ఆగిపోతుంది. రెండూ లేచాయంటే అనుమానం తీరుతుంది. గ్రీన్ రెక్క అడుగు భాగం మసిబొగ్గులా నల్లగా, నడుము తెల్లగా మెరుస్తుంది. వుడ్ రెక్క అడుగు లేత రంగు. అరుపులో కూడా తేడా ఉంది. గ్రీన్ లేస్తూనే "ట్లూయీట్, వీట్ వీట్" అని తేటగా కూస్తుంది, వుడ్ "చిఫ్‌ఫిఫ్‌ఫిఫ్" అని గొంతు పొడిగా తొందరపడుతుంది. పక్షి లేచి వెళ్లిపోయాక పేరు పెట్టాల్సి వస్తే ఆ రెక్క అడుగు రంగు, ఆ అరుపు, రెండే ఆధారాలు. వాటిని అక్కడికక్కడే రాసుకోవాలి. ఇంటికొచ్చి గుర్తు చేసుకుంటే పుస్తకంలో చదివింది కళ్లతో చూసినట్టే అనిపిస్తుంది.

ఇంకొంచెం ఓపిక ఉన్నవాళ్లకు ఇంకో విషయం. ఉత్తర దేశాల్లో గూళ్లు పెట్టిన పెద్ద పక్షులు ముందు బయల్దేరతాయి, ఆ ఏడు పుట్టిన పిల్లలు కొన్ని వారాల తర్వాత, దారి చూపేవాళ్లు లేకుండా వస్తాయి. ఆగస్టులో దిగే వుడ్ శాండ్‌పైపర్ ఈకలు అరిగి, అంచులు చిరిగి, చుక్కలు మాసిపోయి ఉంటాయి. ఉత్తర, హస్త కార్తెల్లో వచ్చేవాటిలో కొన్నిటికి ఈకలన్నీ ఇస్త్రీ చేసినట్టు, ప్రతి ఈకకూ లేత గోధుమ అంచు వరుసగా దిద్దినట్టు ఉంటాయి. అవి పిల్లలు. పుట్టి మూడు నెలలైనా నిండని పక్షి సైబీరియా వైపు చిత్తడి నుంచి మన చెరువు దాకా ఒంటరిగా వచ్చిందని ఆ ఈకలే చెబుతాయి. గుంపులో పెద్దవెన్ని, పిల్లలెన్ని అని లెక్క రాయగలిగితే ఆ నోటు పుస్తకానికి విలువ పదింతలవుతుంది.

తప్పులు జరిగే చోట్లు కూడా చెప్పుకోవాలి. కంటి చుట్టూ పసుపు వలయం ఉన్న లిటిల్ రింగ్డ్ ప్లోవర్‌లో ఇక్కడే గూడు పెట్టే స్థానిక రకమూ ఉంది, వలస వచ్చే రకమూ ఉంది. సెప్టెంబరులో కనిపించినంత మాత్రాన వలస అని రాయకూడదు. స్టింట్‌లలో కాళ్లు నల్లగా ఉంటే లిటిల్, పసుపుగా ఉంటే టెమ్మింక్స్. కానీ బురద అంటుకున్న కాళ్లు ఏ రంగైనా నల్లగానే కనిపిస్తాయి, నీళ్లలో నడిచి కడుక్కునే దాకా ఆగాలి.

అంచు పోతే అన్నీ పోతాయి

వాలు గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. చెరువు సుందరీకరణ పేరుతో ఇప్పుడు జరుగుతున్న పనుల్లో మొదట పోయేది ఆ వాలే. చుట్టూ నిటారుగా కరకట్ట వేసి, రాళ్లు పరిచి, నడక దారి కట్టి, లోపల పూడిక ఒకే లోతుకు తోడేస్తారు. నీళ్లు నిలుస్తాయి, సాయంత్రం లైట్లు వెలుగుతాయి, జనం ఆనందిస్తారు. కానీ చేట గిన్నె అయిపోతుంది. అంచు నుంచి ఒక్క అడుగు వేస్తే నడుము లోతు. ఆ చెరువులో సెప్టెంబరు బురద ఎప్పటికీ తేలదు, తేలకపోతే శాండ్‌పైపర్ దిగదు. నీళ్లు ఉన్నా పక్షి రాకపోవడానికి కారణం వెతికితే చాలాచోట్ల దొరికేది ఇదే. వంక కలిసే వైపు ఒక్క పక్కనైనా కరకట్ట లేకుండా, పాత వాలు వాలుగానే వదిలేస్తే నడక దారీ ఉంటుంది, పిట్టలూ ఉంటాయి. అది ఖర్చు పెంచే కోరిక కాదు, తగ్గించేది. గ్రావెల్ కోసం చెరువు గర్భంలో జేసీబీతో తవ్వే గుంతలదీ ఇదే హాని, అంచులు నిటారుగా తెగి బురద పట్టీ ముక్కలైపోతుంది.

చూసేవాళ్ల వల్ల జరిగే హాని చిన్నది కాదు. వేల కిలోమీటర్లు ఎగిరి కొవ్వు కరిగిపోయిన పిట్టను ఫొటో కోసం పదిసార్లు లేపితే, అది ఆ పూట తిన్నదంతా ఎగరడానికే ఖర్చవుతుంది. మేస్తున్న పక్షి తల ఎత్తి కదలకుండా నిలబడిందంటే గమనించింది అని అర్థం, అక్కడే ఆగాలి. నేరుగా దాని వైపు నడవకుండా పక్కకు వెళుతున్నట్టు ఏటవాలుగా, పది అడుగులకోసారి కూర్చుంటూ పోతే 30 మీటర్ల దాకా చేరనిస్తుంది. అన్నిటికంటే ముందు తీతువును దాటాలి. అది ఒకసారి అరిచి లేచిందంటే చెరువంతా లేస్తుంది.

కొండ కింద, చెట్ల మీద

చెరువు సగం కథ. మిగతా సగం శేషాచలం అంచున ఉంది. ఆకుల్లో తిరిగే చిన్న పిట్టలు ఎక్కువగా రాత్రిపూట ఎగురుతాయి, తెల్లవారకముందు పచ్చగా కనిపించిన చోట దిగుతాయి. కపిలతీర్థం, అలిపిరి, యూనివర్సిటీ ఆవరణల్లోని పెద్ద చెట్లు, జూ పార్కు దారి వాటికి మజిలీలు. పుబ్బ, ఉత్తర కార్తెలకు గ్రీనిష్ వార్బ్లర్, బ్లైత్స్ రీడ్ వార్బ్లర్ దిగిపోతాయి. ఈ రెంటినీ కంటితో వెతకడం దండగ, చెవితో పట్టాలి. పొద కిందిభాగం నుంచి రెండు గులకరాళ్లు కొట్టినట్టు "చెక్... చెక్" అని వస్తే బ్లైత్స్ రీడ్. దాని జాతిలో దాదాపు అన్నీ చలికాలం గడిపేది మన ఉపఖండంలోనే, అంటే యూరప్ తూర్పు అంచున గూడు పెట్టిన పిట్ట కూడా మన కంపచెట్టుకే వస్తుంది. చెట్టు పైకొమ్మల నుంచి "చిస్వీ" అని రెండు ముక్కల్లో వస్తే గ్రీనిష్. బ్రౌన్ ష్రైక్ సెప్టెంబరులో దిగగానే కంచె మీదో తీగ మీదో కూర్చుని కరకరమని అరిచి తన హద్దు చాటుకుంటుంది. ఒక కంచె పట్టుకుందంటే నెలల తరబడి అదే కంచె.

తలకోన వైపు నీటివాగుల్లో గ్రే వాగ్‌టెయిల్ హిమాలయాల నుంచి దిగివస్తుంది, పొడుగు తోక ఊపుతూ రాయి నుంచి రాయికి గెంతుతుంది. అక్టోబరు తర్వాత నీలిరంగు వెర్డిటర్ ఫ్లైక్యాచర్, యాషీ డ్రాంగో తోడవుతాయి. శేషాచలం రాతిగుట్టల్లో ఉండే పసుపు గొంతు పిగిలిపిట్టను కూడా ఈ వలస జాబితాలో కలిపేస్తుంటారు. అది దక్షిణాదికి మాత్రమే చెందిన స్థిరవాసి, ఎక్కడికీ వెళ్లదు.

మెర్లిన్ లాంటి యాప్ అరుపు విని పేరు చెబుతుంది, నేర్చుకోవడానికి మేలైనదే. కానీ జెర్డన్స్ లీఫ్‌బర్డ్, తలకోన అడవిలోని రాకెట్ తోక డ్రాంగో వేరే పిట్టల గొంతులను అచ్చుగుద్దినట్టు దించేస్తాయి. యాప్ చెప్పిన పేరును కంటితో చూశాకే రాయాలి.

అడవి అంచున ఇంకో జాగ్రత్త. ఎర్రచందనం దొంగల కోసం శేషాచలంలో గస్తీ ఎప్పుడూ ఉంటుంది. తెల్లవారుజామున సంచి భుజాన వేసుకుని అడవిలోంచి బయటికొచ్చే మనిషి ఎవరికైనా అనుమానమే. గుర్తింపు కార్డు జేబులో ఉండాలి, అనుమతి లేని బాట పట్టకూడదు, బీటు సిబ్బందికి ముందే చెప్పడం మంచిది. తిరుమల మెట్ల దారుల్లో చిరుతలు తిరుగుతాయి, పిట్ట వెంట మెట్లు దిగి పొదల్లోకి పోవద్దు. పలమనేరు, కౌండిన్య అభయారణ్యం వైపు చెరువులకు ఏనుగులు నీళ్లకొస్తాయి, చీకటి విడిచాకే కట్ట ఎక్కాలి.

రాత్రి వాన, ఉదయం పిట్ట

మామూలు రాత్రుల్లో మనకు తెలియకుండా నెత్తి మీదుగా వెళ్లిపోయే పిట్టలు వాన అడ్డుపడితే ఉన్నచోటే దిగిపోతాయి. అందుకే హస్త, చిత్త కార్తెల్లో అర్ధరాత్రి వాన పడి తెల్లవారుజామున తెరిపిస్తే ఆ ఉదయాన్ని వదులుకోకూడదు. వాటిలో అందరికంటే అందమైన అతిథి ఇండియన్ పిట్టా. పచ్చ వీపు, నీలి భుజం, పొట్ట కింద ఎరుపు, మొండితోక. హిమాలయ పాదాల దగ్గర, మధ్య భారతంలో గూళ్లు పెట్టి చలికాలానికి దక్షిణాదికి, శ్రీలంకకు వస్తుంది. దీని పేరు మన మాటే. 1816లో ఫ్రెంచి పక్షిశాస్త్రవేత్త వియెయో ఈ పిట్ట ప్రజాతికి (జీనస్) పేరు పెట్టినప్పుడు తీసుకున్నది తెలుగు "పిట్ట"నే. ప్రపంచమంతా శాస్త్రగ్రంథాల్లో పలికే తెలుగు మాటల్లో అదొకటి.

అలసిపోయి, వీధిలైట్లకు కళ్లు చెదిరి, ఈ పిట్ట ఇళ్లలోకి దూరడం, కిటికీ అద్దాలకు కొట్టుకుని పడిపోవడం అక్టోబరు, నవంబరుల్లో జరుగుతుంటుంది. అలా దొరికితే చేయాల్సింది తక్కువే. చెప్పుల డబ్బా కంటే కాస్త పెద్ద అట్టపెట్టె తీసుకుని, పెన్సిలు దూరేంత రంధ్రాలు ఏడెనిమిది పొడిచి, అడుగున పాత గుడ్డ పరిచి, పిట్టను అందులో ఉంచి మూత వేయాలి. పిల్లులు, పిల్లలు రాని చీకటి గదిలో గంట, రెండు గంటలు వదిలేయాలి. నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతే చనిపోతుంది. అన్నం మెతుకులు దానికి పనికిరావు, అది పురుగులు తినే పిట్ట. తేరుకుని కాళ్ల మీద నిలబడి పెట్టెలో కదులుతుంటే సాయంత్రం వెలుతురు ఉండగానే దగ్గర్లోని పొదల చాటున మూత తీసి దూరం జరగాలి. రెక్క వేలాడుతున్నా, రక్తం కనిపించినా అటవీశాఖకు అప్పగించాలి. ముద్దుగా ఉందని ఇంట్లో ఉంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

అద్దాలు, వెలుతురు, లెక్క

పరికరాల మీద ఎక్కువ చెప్పనక్కర్లేదు. మొదటి బైనాక్యులర్ 8×42 అయితే చాలు. 10×42 దూరం బాగా చూపిస్తుంది గానీ చెయ్యి వణుకును కూడా పదింతలు చూపిస్తుంది. కొన్నవాళ్లలో చాలామంది దాన్ని తమ కళ్లకు సరిచేసుకోరు, అందుకే తలనొప్పి. కుడి కన్ను మూసి ఎడమ కంటితో దూరపు బోర్డు చూస్తూ మధ్య చక్రం తిప్పాలి. అక్షరాలు స్పష్టమయ్యాక ఎడమ కన్ను మూసి, మధ్య చక్రం ముట్టుకోకుండా, కుడి కంటి దగ్గరి వలయం తిప్పి అదే బోర్డును స్పష్టం చేసుకోవాలి. ఒక్కసారి చేస్తే ఇక ఆ వలయం జోలికి పోనక్కర్లేదు. కళ్లజోడు ఉన్నవాళ్లు కంటి కప్పులు లోపలికి తిప్పేయాలి.

సూర్యుడు వీపు వెనక ఉండాలి. ఉదయం చెరువుకు తూర్పు వైపు నుంచి, సాయంత్రం పడమర వైపు నుంచి చూస్తేనే కాళ్ల రంగు తెలుస్తుంది. ఎదురెండలో అన్ని పిట్టలూ నల్లబొమ్మలే. ఆరు గంటలకు చెరువు దగ్గర ఉండాలి, తొమ్మిది దాటితే బురద మీద ఎండమావి లేచి దూరపు పిట్టలు నీళ్లలా కదిలిపోతాయి.

గుంపును లెక్కపెట్టడానికి ముందు పది పక్షులను ఒక్కొక్కటిగా ఎంచి, ఆ పది ఎంత జాగా ఆక్రమించాయో కంటితో పట్టుకుని, అలాంటి ముక్కలు మొత్తం గుంపులో ఎన్ని పడతాయో చూడాలి. మూడుసార్లు చేస్తే సంఖ్య ఒక చోటికి వస్తుంది. చూసిన పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటులో జాబితా పెట్టేటప్పుడు కనీసం 15 నిమిషాలు, కనిపించిన ప్రతి జాతి, సంఖ్యతో సహా రాస్తేనే దాని మీద పరిశోధన చేసేవాళ్లకు ఉపయోగం. కాకిని, గోరింకను వదిలేసి అరుదైనవి మాత్రమే రాసే జాబితా అంతగా పనికిరాదు. ఈబర్డ్ ఏటా అక్టోబరులో ఒక శనివారం ప్రపంచమంతా ఒకే రోజు లెక్క పెట్టిస్తుంది, తిరుపతి చెరువులకు అది సరైన సమయం. కాలికి రంగు జెండా ఉన్న పక్షి కనిపిస్తే రంగు, ఏ కాలు, మోకాటికి పైనా కిందా, అక్షరాలు ఏమిటి అన్నవి రాసి, ఫొటోతో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపాలి.

అన్నిటికంటే విలువైన పద్ధతి చవకైనది. ఒకే చెరువు, ఒకే వేళ, వారానికి ఒకసారి, మఖ నుంచి అనూరాధ దాకా. ఆగస్టు 17 నుంచి డిసెంబరు మొదటి రోజుల దాకా, మొత్తం 15, 16 సార్లు. ఏ పిట్ట ఏ తేదీన మొదట కనిపించింది, ఆ రోజు తూము రాయి దగ్గర నీళ్లెంత. వేర్వేరు చెరువులకు 15 సార్లు తిరిగితే జాబితా పొడుగవుతుంది, ఒకే చెరువుకు 15 సార్లు వెళితే వలస అర్థమవుతుంది.

నీళ్లు వచ్చాక

స్వాతి కార్తె నుంచి దృశ్యం మారుతుంది. బాతుల్లో ముందు గార్గనీ, తర్వాత సూదితోక బాతులు, గరిటె ముక్కు షోవెలర్లు దిగుతాయి. ఇప్పుడు కట్ట మీది నుంచి చూడటమే మేలు. పులికాట్‌లో ఆంధ్ర వైపు భాగం, నేలపట్టు కూడా 2022 జిల్లాల విభజనతో తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. దొరవారిసత్రం దగ్గరి నేలపట్టును 1976లోనే పక్షి కేంద్రంగా ప్రకటించారు. ఈశాన్య వానలకు అక్కడి చెరువులు నిండి, నీళ్లలో నిలబడే కడప చెట్ల చుట్టూ నీరు చేరితేనే గూడబాతులు గూళ్లు మొదలుపెడతాయి. పిల్లి, నక్క రాకుండా ఆ నీళ్లే కందకం. మేతకు అవి పులికాట్ దాకా వెళ్లొస్తాయి. వీటినీ ఫ్లెమింగోలనూ సైబీరియా పక్షులని రాస్తుంటారు గానీ గూడబాతు మన దేశపు పక్షి, పెద్ద ఫ్లెమింగోలు మన దేశంలో పెద్ద ఎత్తున పొదిగేది గుజరాత్‌లోని కచ్ రణ్‌లో. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మీదుగా వెళ్లే రోడ్డు పొడవునా నిజమైన ఉత్తర దేశాల ప్రయాణికులు వేరే ఉంటాయి: గాడ్‌విట్‌లు, స్టింట్‌లు, రఫ్‌లు. ఫ్లెమింగోల కాళ్ల మధ్య, ఎవరూ చూడని చోట మేస్తుంటాయి. అక్కడ బైనాక్యులర్ చాలదు, స్టాండు మీద పెట్టే స్కోపు కావాలి.

మరి తిరుపతి చెరువు మునిగినప్పుడు ఆ ఉల్లంకులన్నీ ఎటు పోయాయి? కొన్ని దక్షిణానికి వెళ్లిపోతాయి. మిగతావాటిని చూడాలంటే అదే కట్ట మీద, అదే చోట నిలబడి వెనక్కి తిరగాలి. చెరువు నిండిందంటే తూము ఎత్తుతారు, కింద ఆయకట్టులో కయ్యలకు నీళ్లు పారతాయి, దమ్ము మొదలవుతుంది. కేజీవీల్ ట్రాక్టరు తిరగేసిన బురదలో మోకాటి లోతు కూడా లేని నీళ్లు, పైకి తేలిన పురుగులు. ట్రాక్టరు వెనక తెల్లకొంగలు, వాటి వెనక పసుపు వాగ్‌టెయిల్‌లు, గట్ల వెంబడి వుడ్ శాండ్‌పైపర్లు, కోయని గడ్డి దుబ్బుల్లో అడుగు పడే దాకా కదలని స్నైప్ అనే పొడుగు ముక్కు ఉల్లంకి. గట్టు మీద నడిచేటప్పుడు రైతును అడిగి నడవాలి, నారుమడి తొక్కకూడదు. నాట్లు పడ్డాక పైరు జానెడు ఎత్తు లేచే దాకా, అంటే రెండు మూడు వారాలు, ఆ కయ్యలు చెరువు అంచు చేసిన పనే చేస్తాయి. ఆపైన ఆకు కమ్ముకుంటుంది, పిట్ట పక్క ఊరి దమ్ము వెతుక్కుంటూ లేచిపోతుంది.